టర్బో కారులో వ్యాక్యూమ్, బ్రీదర్ పైపులు ఏది ఎటు వెళ్ళాలి

పోయిన వర్షాకాలం ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే మా బావగారి టర్బో పెట్రోల్ కారు ఉన్నట్టుండి పికప్ పడిపోయింది, రెండో గేర్‌లో కూడా లాగట్లేదు. పక్కకి ఆపి బోనెట్ ఎత్తి చూస్తే డైవర్టర్ వాల్వ్‌కి (యాక్సిలరేటర్ వదిలినప్పుడు టర్బో తోసిన ఎక్కువ గాలిని పక్కకి వదిలేది) వెళ్ళే పెన్సిల్ లావు పైపు ఊడి వేలాడుతోంది. దాన్ని అంతకుముందు ఎవరో వదులు పైపుతో మార్చి ప్లాస్టిక్ ట్యాగ్ ఒక్కటి బిగించి వదిలేశారు. ఆ రోజు వెనకాల పిల్లలున్నారు, వాన, మలుపులు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి. త్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) తర్వాత ఉండి సిలిండర్లకి గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్, ఐడిలింగ్‌లో అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగేటప్పుడు, పైపుల్లోంచి గాలి పీలుస్తుంది, ఇదే వ్యాక్యూమ్, టర్బో లేచాక అదే మానిఫోల్డ్ గాలిని బయటికి తోస్తుంది, ఇదే బూస్ట్. కాబట్టి ఏ పైపు పట్టుకున్నా రెండు ప్రశ్నలు వేసుకోండి, ఐడిలింగ్‌లో దీంట్లో ఏమవుతుంది, బూస్ట్‌లో ఏమవుతుంది.

ఏదీ పీకకముందే ఫోన్‌లో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, ప్రతి పైపుకీ రెండు కొసలా టేపు అంటించి నంబర్ రాయండి. కొన్ని కార్లకి బోనెట్ కింద స్టిక్కర్ మీద లైన్ల బొమ్మ ఉంటుంది, అదే ఫైనల్.

బ్రేక్ బూస్టర్ (బ్రేక్ పెడల్‌ని తేలిక చేసేది), మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్‌లో ప్రెషర్ కొలిచేది), డైవర్టర్ వాల్వ్, వీటి పైపులు మానిఫోల్డ్ నుంచి వస్తాయి. బూస్టర్ పైపుకి మాత్రం వన్‌వే వాల్వ్ తప్పనిసరి, అందులో టీ-జాయింట్ పెట్టి ఇంకోదానికి లైన్ ఇవ్వొద్దు, బ్రేకులతో ప్రయోగాలు వద్దు. వేస్ట్‌గేట్ (బూస్ట్ హద్దు దాటకుండా ఎగ్జాస్ట్‌ని టర్బో పక్కనుంచి వదిలే తలుపు) లైన్ చాలా బళ్ళలో టర్బో కంప్రెసర్ బయటికొచ్చే చోట నుంచి వస్తుంది, మధ్యలో సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వ్) ఉంటే దాని మూడు కొసలు తారుమారు అవ్వకూడదు, అయితే బూస్ట్ హద్దు దాటిపోవచ్చు. ఈ పైపు వీలైనంత పొట్టిగా ఉంచండి. డీజిల్‌కి లెక్క వేరు, అక్కడ వ్యాక్యూమ్ పంపు నుంచి వస్తుంది.

ఇక బ్రీదర్, అంటే ఇంజన్ లోపలి గ్యాస్‌ని బయటికి పంపే పైపులు, ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. పిస్టన్ రింగుల పక్కనుంచి జారిన గ్యాస్ క్రాంక్‌కేస్‌లో (ఇంజన్ అడుగు భాగం) చేరుతుంది, దానికి రెండు దార్లు కావాలి. ఒకటి పీసీవీ వాల్వ్ (ఈ గ్యాస్‌ని ఒకవైపే పోనిచ్చే వాల్వ్) ద్వారా మానిఫోల్డ్‌కి, ఇది ఐడిలింగ్‌లో పని చేస్తుంది, బూస్ట్ వస్తే వాల్వ్ మూసుకోవాలి. రెండోది వాల్వ్ కవర్ నుంచి ఎయిర్ ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్య పైపులోకి, బూస్ట్‌లో గ్యాస్ అటే పోతుంది. పీసీవీ పాడై మూసుకోకపోతే బూస్ట్ నేరుగా ఇంజన్ లోపలికి దూరి డిప్‌స్టిక్ ఎగిరొస్తుంది, ఆయిల్ సీల్స్ కారతాయి. విడిగా ఉండే పీసీవీ అయితే ఊడదీసి నోటితో ఊదండి, ఇంజన్ వైపు నుంచి పోవాలి, మానిఫోల్డ్ వైపు నుంచి పోకూడదు. ఆయిల్ పొగ వస్తోందని బ్రీదర్‌కి బిరడా మాత్రం పెట్టకండి, దయచేసి.

బ్రీదర్ పైపు కిందికి వంగి చెరువులా ఉండకూడదు, ఇంజన్ వైపు వాలుగా ఉండాలి. మన వైజాగ్ ఉక్కలో ద్వారకానగర్ నుంచి ఎంవీపీ దాకా రోజూ పొట్టి ట్రిప్పులే తిరిగితే ఆయిల్ క్యాప్ కింద పసుపు రంగు మీగడలాంటిది కడుతుంది, ఆ నీరే వంపులో నిలుస్తుంది. పైపు ఆయిల్‌కి తట్టుకునే రబ్బరై ఉండాలి, మామూలు సిలికాన్ ఆయిల్ ఆవిరికి ఉబ్బి మెత్తబడుతుంది. టర్బో, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి తగలనివ్వొద్దు, తప్పకపోతే హీట్ స్లీవ్ తొడగండి. క్లాంపులు స్టెయిన్‌లెస్‌వి కొనండి, సముద్రపు ఉప్పుగాలికి మామూలివి తుప్పు పట్టేస్తాయి.

బిగించాక ఐడిలింగ్ ఎగుడుదిగుడుగా ఉంటే ఒక్కో పైపునీ గుడ్డ చుట్టిన ప్లయర్‌తో మెల్లగా నొక్కి చూడండి, ఏది నొక్కితే సర్దుకుందో లీకు అటే ఉంది. చివరగా ఇంజన్ ఆఫ్ చేసి బ్రేక్ ఐదారుసార్లు తొక్కి, పెడల్ నొక్కి పట్టుకుని స్టార్ట్ చేయండి, పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్ లైన్ బాగానే ఉంది, దిగకపోతే బండి గేటు దాటించొద్దు.