జెబెల్ అఖ్దర్ జునిపర్ చెట్ల దగ్గర ఏం చూడాలి, ఏం ముట్టుకోకూడదు

మస్కట్‌లో ఉండే మనవాళ్లకు శుక్ర, శనివారాలు కలిసొస్తే ఒమన్‌లోని ఎత్తైన కొండ ప్రాంతం జెబెల్ అఖ్దర్ వెళ్లడం మామూలే. దానిమ్మ తోటలు, గులాబీ తోటలు చూస్తాం, లోయ అంచున ఫొటోలు దిగుతాం, తర్వాత నీడ కనిపించిన చోట కారు ఆపి చాప పరుస్తాం. ఆ నీడ చాలాసార్లు జునిపర్ చెట్టుదే. ఈసారి వెళ్లినప్పుడు ఒక గంట ఆ చెట్ల కోసం ఉంచండి.

ముందు గుర్తుపట్టడం. దూరం నుంచి సరుగుడు చెట్టేమో అనిపిస్తుంది కానీ దానికీ దీనికీ సంబంధం లేదు, మన ఇళ్ల ముందు కుండీల్లో పెంచే తుజా మొక్కకి ఇది చుట్టం. ఆకులు పొలుసుల్లా కొమ్మకి అతుక్కుని ఉంటాయి, లేత మొక్కల్లో మాత్రం సూదుల్లా గుచ్చుకుంటాయి. బెరడు పేలికలుగా ఊడుతుంది. మిరియం కంటే కాస్త పెద్ద కాయలు, ముదిరితే నీలం కలిసిన నలుపు, పైన బూడిద పూసినట్టు ఉంటుంది. స్థానికులు ‘అల్‌అలాన్’ అంటారు. ఇరాన్, బలూచిస్తాన్ కొండల మీద ఉండేదీ ఇదే జాతి. పక్కనే అడవి ఆలివ్ చెట్లు కూడా ఉంటాయి, ఆకు చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు పని. జెబెల్ అఖ్దర్ మీద సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉన్న సైఖ్ అనే చోట ఏడాదికి పడే వాన దాదాపు 300 మిల్లీమీటర్లు. కరువుకి పేరుపడ్డ మన అనంతపురంలోనే 550 దాకా పడుతుంది. ఆ కొద్దిపాటి తడితో, రాళ్ల సందుల్లో, ఈ చెట్టు చాలా నెమ్మదిగా పెరుగుతుంది, కాబట్టి మీ భుజం ఎత్తున్న మొక్క వయసులో మీకంటే పెద్దదైనా ఆశ్చర్యం లేదు. ఫోన్‌లో ఎత్తు చూపించే యాప్ పెట్టుకుని ఒక చోట పది చెట్లు ఎంచుకోండి, ఒక్కో చెట్టు తలలో ఎంత భాగం పచ్చగా ఉంది, ఎంత ఎండిపోయింది, సగమా పావా అని రాసుకోండి. తర్వాత ఇంకాస్త పైకి వెళ్లి అదే పని చేయండి. నడక అలవాటున్నవాళ్లు ఒమన్‌లో అన్నిటికంటే ఎత్తైన జెబెల్ షమ్స్ శిఖరం వైపు కాలిబాట ఎక్కితే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 1990లలో చేసిన పరిశీలనల్లోనే 2,400 మీటర్ల కంటే కింద ఉన్న చెట్లు నీరసించాయని, పైన ఉన్నవి మెరుగ్గా ఉన్నాయని తేలింది. కింద వేడి పెరిగి తడి తగ్గుతుంటే చెట్టు పైకి జరగాలి. పైన కొండే అయిపోతే ఇక ఎక్కడికి జరుగుతుంది? నన్ను టెన్షన్ పెట్టేది ఇదే.

అందుకే పెద్ద చెట్ల కంటే పిల్ల మొక్కలు వెతకడం ముఖ్యం. మోకాళ్ల మీద కూర్చుని వెతకాలి. ఎండ నేరుగా కొట్టే బయలు నేలలో దాదాపు ఏమీ కనిపించదు, పెద్ద చెట్టు గొడుగు కింద, బండరాయి పక్కన, నీళ్లు కాసేపు నిలిచే పల్లంలో కనిపిస్తాయి. అవి కూడా మేకలు, ఊరకే తిరిగే గాడిదలు తొక్కకుండా, కొరకకుండా మిగిలితేనే. అంటే మనం చాప పరిచే నీడా, మొలకకి కావాల్సిన నీడా ఒకటే. పరిచే ముందు ఒక్కసారి నేల చూడండి, వీలైతే రాతి మీద కూర్చోండి. కారు పాత చక్రాల జాడ దాటి ఒక్క అడుగు కూడా లోపలికి పోనివ్వకండి, టైరు కింద గట్టిపడిన నేలలోకి వాన నీరు దిగదు.

ఎండు కట్టె గురించి విడిగా చెప్పాలి. మొదటిసారి వెళ్లినప్పుడు మేం కూడా రాలిన జునిపర్ కొమ్మలు ఏరి చలిమంట వేశాం, వాసన ఎంత బాగుందో అని మెచ్చుకున్నాం కూడా. ఆ కొమ్మ కింద పడి ఉంటే మట్టిని పట్టుకుని ఉండేది, కాస్త నీడ ఇచ్చేది, మేక నోటికి అడ్డం ఉండేది. అంత నెమ్మదిగా పెరిగిన కట్టెని ఒక్క రాత్రిలో కాల్చేశాం, ఆ బాధ ఇప్పటికీ ఉంది. బొగ్గులు మస్కట్ నుంచే తీసుకెళ్లండి, నేల మీద కాకుండా కాళ్లున్న పొయ్యిలో వెలిగించండి, బూడిద చల్లారాక సంచిలో వేసి తెచ్చేయండి. పచ్చి చెట్టు మీద చెయ్యి వేయడం ఒమన్‌లో చట్టరీత్యా నేరం, పైగా జెబెల్ అఖ్దర్ 2011 నుంచి రక్షిత ప్రాంతం. మిగిలిన బిర్యానీ, ప్లాస్టిక్ కవర్లు వదిలేస్తే మేకలు, గాడిదలు అక్కడే తిరగడం మరుగుతాయి.

మొక్క పెకిలించి ఇంటికి తేవాలని కొందరికి మనసవుతుంది. మస్కట్ వేడికి అది బతకదు. గింజలు ఏరుకొచ్చి చల్లడం కూడా వద్దు, చాలా గింజల్లో లోపల పప్పే ఉండదు, ఉన్నవి కూడా తొందరగా మొలకెత్తవు. కాయలు పక్షులకి వదిలేయండి, విత్తడం వాటికే బాగా తెలుసు.

చివరగా ఫొటో. కదలని బండ ఏదైనా ఫ్రేములో ఒక మూలకి వచ్చేలా నిలబడి తీయండి, ఎత్తు, తేదీ రాసుకుని ఐనాచురలిస్ట్‌లో (మొక్కలు, జంతువుల ఫొటోలు నమోదు చేసే యాప్) పెట్టండి. వచ్చే ఏడాది అదే నెలలో, అదే చోట నిలబడి మళ్లీ తీయండి. మీరు ఈలోపు ఇండియా వచ్చేస్తే, ఆ చోటు ఎక్కడుందో మస్కట్‌లో ఉన్న ఇంకో స్నేహితుడికి చెప్పి రండి.