బ్యాలే పేర్లు గుర్తుండాలంటే
మా పాప ఇక్కడ తిరుపతిలో ఇంట్లోనే ఆన్‌లైన్‌లో బ్యాలే అనే పాశ్చాత్య డాన్స్ నేర్చుకుంటోంది, స్టెప్పులు బాగానే వేస్తుంది గానీ వాటి ఫ్రెంచ్ పేర్లు పొద్దున చెప్తే సాయంత్రానికి మర్చిపోతుంది. ఇప్పుడు రోజుకి రెండే పేర్లు, బీరువా మీద చీటీ అంటించి, ఒక్కో స్టెప్పు 8 సార్లు వేస్తూ అర్థం పైకి చెప్పమంటున్నా.

ప్లియే అంటే వంచడం, మోకాళ్ళు పక్కలకి వంగాలి, మన భరతనాట్యంలో మోకాళ్ళు వంచి నిలబడే అరమండి తెలిసిన పిల్లలకి ఇట్టే ఎక్కుతుంది. తాందు అంటే చాచడం, కాలు నేలని రాసుకుంటూ వెళ్ళి వేళ్ళ కొసల మీద ఆగుతుంది. రెలెవే అంటే లేపడం, మడమలు పైకి. సోతే, ఎగరడం.

పా ద షా అనే స్టెప్పు దగ్గర మాత్రం ఈ పద్ధతి పనిచెయ్యదు, మాటకి అర్థం పిల్లి అడుగు, కానీ వేసేది గెంతు, అట్లాంటివి చూసే నేర్చుకోవాల.