హీరో మీరే, డైరెక్టరూ మీరే: మొదటి పగ సినిమా తీసే పద్ధతి

నటుడు మొదటిసారి డైరెక్షన్ చేస్తూ హీరో వేషం కూడా తనే వేస్తే సెట్లో ఒక కుర్చీ ఖాళీ అవుతుంది. కెమెరా తిరుగుతున్నంతసేపూ మానిటర్ ముందు డైరెక్టర్ ఉండడు. మాటల సినిమాలో దాని వల్ల రీటేకులు పెరుగుతాయి, అంతే. యాక్షన్ సినిమాలో ఎవరికో ఒకరికి ఎముక విరుగుతుంది. ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలి, వాళ్ల చేతికి ముందుగా ఏం అప్పగించాలి అన్నది తేలాకే షెడ్యూలు వేయాలి.

కాగితం మీద ఫైటు

పేజీకి ఒక నిమిషం అన్న లెక్క మాటల సీన్లకు దాదాపుగా సరిపోతుంది గానీ ఫైట్లకు పనికిరాదు. "గోడౌన్లో పదిమందితో తలపడతాడు" అన్న ఒక్క వాక్యం తెర మీద నాలుగు నిమిషాలు, షూటింగులో ఐదారు రోజులు తినేస్తుంది. అందుకే ఫైటును స్క్రిప్టులో మలుపులుగా విడదీసి రాయాలి. తలుపు బయటినుంచి గడియ పడుతుంది, కత్తి చేజారుతుంది, ఎడమ చెయ్యి లేవదు, కిందపడ్డవాడు ఒక పేరు చెప్పేస్తాడు. ఎనిమిది నుంచి పన్నెండు మలుపులు చాలు. దెబ్బలు ఫైట్ మాస్టర్ కంపోజ్ చేసుకుంటారు. ఫైటు ముగిసేసరికి హీరోకు కొత్తగా ఏదీ తెలియక, ఒంట్లో ఏదీ పోకపోతే ఆ ఫైటు ఎడిటింగులో ఎగిరిపోతుంది. ఐదారు రోజుల ఖర్చుతో సహా.

పగకు కారణమైన సీను మీద ఫైట్లకన్నా ఎక్కువ సమయం పెట్టండి. చనిపోయే పాత్రకు రెండు నవ్వులు, ఒక పాట ఇచ్చి చంపేస్తే ప్రేక్షకుడు అయ్యో అనుకుంటాడు. హీరో వెంట పరుగెత్తడు. ఆ పాత్ర ఏదో పని మధ్యలో ఉండగా పోవాలి: సగం కుట్టిన గౌను, గుండీలు ఇంకా పెట్టలేదు. గంట తర్వాత హీరో జేబులోంచి ఆ గుండీ ఒకటి తీస్తే ఫ్లాష్‌బ్యాక్ వేయాల్సిన పనే ఉండదు.

తర్వాత గాయాల పట్టీ. సీను నంబరు, కథలో ఎన్నో రోజు, ఏ గాయం, ఎంత పాతది, ఏ చొక్కా: ఈ ఐదు గళ్లు కథ వరసలో రాసి మేకప్, కాస్ట్యూమ్స్, కంటిన్యుటీ చూసే అసిస్టెంటు ముగ్గురికీ ఇవ్వాలి. షూటింగ్ ఎలాగూ వరస తప్పుతుంది. క్లైమాక్స్ ముందు తీసి, మధ్య సీన్లు తర్వాత తీసినప్పుడు కనుబొమ్మ మీద గాటు కుడి నుంచి ఎడమకు మారిపోవడం మామూలే. తడి ఎరుపు, ఆరిన గోధుమరంగు, కడిగాక మిగిలిన గాటు, ఈ మూడు దశలూ సినిమాకు వాడే కెమెరా, లైట్ల కిందే ఫొటో తీసి పట్టీకి అతికించండి. కంటికి రక్తంలా కనబడ్డ రంగు తెర మీద గులాబీ అయిపోవచ్చు.

ఫైటు చొక్కాలు శుభ్రంగా రెండు, చిరిగి దుమ్ముపట్టినవి రెండు, రక్తంతో తడిసినవి రెండు. డూప్‌కి ఇవే మళ్లీ ఆరు, ఒక సైజు పెద్దవి, లోపల ప్యాడ్లూ రోప్ కట్టే బెల్టూ పట్టాలి కాబట్టి. మొత్తం పన్నెండూ ఒకే తాను గుడ్డతో కుట్టించాలి. మధ్యలో అయిపోతే అదే రంగు మళ్లీ దొరకదు.

ఖాళీ కుర్చీ

షూటింగుకు మూడు నాలుగు వారాల ముందు ఫైట్ మాస్టర్, ఫైటర్లు, డూప్, కెమెరామన్ ఒక పెద్ద హాల్లో కూడాలి. గోడలకు బదులు అట్టపెట్టెలు, నేల మీద పరుపులు. మొత్తం ఫైటును ఫోన్‌తో తీసి, ఎడిట్ చేసి చూడండి. నాలుగు నిమిషాలనుకున్నది ఆరు నిమిషాలు వస్తే కోత ఇక్కడే వేయాలి. ఇక్కడ ఖర్చయ్యేది చెమట మాత్రమే. ఆ ఎడిట్‌లోంచే షాట్ల జాబితా తయారవుతుంది. దాన్ని మూడుగా విడగొట్టండి: మీ ముఖం కనబడాల్సినవి, డూప్ చేసేవి, చెయ్యో కాలో మాత్రమే కనబడే ఇన్సర్టులు. సెట్లో కూడా అదే వరస. ఒంట్లో ఓపికుండగా ముఖం షాట్లు, తర్వాత డూప్‌వి. ఇన్సర్టులు రెండో యూనిట్‌కి, అంటే మీరు లేకుండా విడిగా తీసే చిన్న బృందానికి వదిలేయండి.

ఎత్తు, భుజాలు మీకు దగ్గరగా ఉన్న స్టాండిన్ ఒకరు రోజూ ఉండాలి. ముందు అతన్ని మీ స్థానంలో నడిపించి మీరు మానిటర్ దగ్గర ఫ్రేము చూసుకుంటారు. లైటింగ్ అయ్యాక అతను పక్కకు తప్పుకుంటే మీరు వెళతారు. ఇది లేకుండా "నేనే చూసుకుంటాలే" అనుకున్న రోజు లంచ్‌కి నాలుగు షాట్లు కూడా కావు.

మీరు ఫ్రేములో ఉన్న ప్రతి షాటుకూ కట్ చెప్పే మనిషి ఒక్కరే, సాధారణంగా కో-డైరెక్టర్. ఫైటు షాటుకు ఆ హక్కు ఫైట్ మాస్టర్‌ది. ప్రమాదం కనబడితే మాత్రం లైట్‌బాయ్‌తో సహా ఎవరైనా "కట్" అని అరవొచ్చని మొదటి రోజే అందరి ముందూ చెప్పాలి. హీరో, డైరెక్టర్ ఒకరే అయిన సెట్లో ఎవరికీ నోరు పెగలదు. చెప్పిన మాట నిజమని నమ్మేది కూడా మొదటిసారి ఎవరో అనవసరంగా కట్ చెప్పినా మీరు విసుక్కోనప్పుడే.

టేక్ అయ్యాక కో-డైరెక్టర్‌ని "ఎలా ఉంది?" అని అడగకండి. "బాగుంది సార్" అనే వస్తుంది. "అతను పడ్డాక నేను చూడడం ఆలస్యమైందా?" అని అడిగితే పనికొచ్చే జవాబు దొరుకుతుంది. అందుకే ప్రతి సీనుకూ తనేం గమనించాలో రెండు మూడు ప్రశ్నలు ముందురోజు రాత్రే రాసి ఇవ్వాలి.

ప్లేబ్యాక్, అంటే తీసిన టేకును మానిటర్లో మళ్లీ చూసుకోవడం, తియ్యటి ఉచ్చు. రోజుకు ఇరవై సెటప్‌లు (కెమెరా, లైట్లు కొత్తగా అమర్చుకోవడం), ఒక్కోదానికి నాలుగు టేకులు, టేకు ఒక నిమిషం అనుకున్నా అన్నీ చూస్తే ఎనభై నిమిషాలు. నడక, చర్చ కలిస్తే రెండు గంటలు దాటుతుంది. మొదటి టేకు, ఓకే అనుకున్న టేకు, ఆ రెండే చూడండి.

ఇక నటుడు-డైరెక్టర్ల కళ్లలో పట్టుబడే దోషం ఒకటుంది. ఎదుటివాళ్లు డైలాగ్ చెబుతుంటే మీ పెదవులు కూడా కదులుతాయి, చూపు పరీక్ష పేపరు దిద్దే చూపు అవుతుంది. క్లోజప్‌లో అది దాగదు. మాటల సీన్లలో ఎదుటి నటుల షాట్లు ముందు తీసేసి, డైరెక్టర్ పని ముగించుకుని, తర్వాత మీ వైపు కెమెరా తిప్పితే చాలావరకు తగ్గుతుంది. ఏడుపు సీన్లలో మాత్రం ఇలా చేయొద్దు, మీ వంతు వచ్చేసరికి లోపల ఏమీ మిగలదు. అక్కడ రెండు కెమెరాలు పెట్టాల్సిందే.

షెడ్యూల్లో మొదటి రెండు మూడు రోజులు మీరు లేని సీన్లు పెట్టుకోండి. యూనిట్ మీ డైరెక్షన్‌కు అలవాటు పడుతుంది. రాత్రంతా ఫైటు తీసిన మర్నాడు క్లోజప్‌లు పెట్టకండి. ఎత్తు నుంచి దూకడం, నిప్పు, కదిలే బండి, ఇవి డూప్‌వే. మీకు మడమ బెణికితే యూనిట్ అంతా ఇంట్లో కూర్చుంటుంది. తప్పక మీరే చేయాల్సిన రిస్కు షాట్లుంటే షెడ్యూలు చివరి రోజుల్లో పెట్టాలి.

దెబ్బ తగిలినట్టు

పిడికిలికీ దవడకూ మధ్య జానెడు ఖాళీ ఉంటుంది. కొట్టేవాడి భుజం వెనక నుంచి, దూరాన్ని దగ్గర చేసి చూపే కాస్త లాంగ్ లెన్స్‌తో, పిడికిలి ముఖానికి అడ్డంగా దాటేలా కెమెరా పెడితే ఆ ఖాళీ కనబడదు. పక్కనుంచి పెడితే మొత్తం బయటపడుతుంది. దెబ్బను నమ్మించేది తిన్నవాడి మెడ. పిడికిలి దాటకముందే తల తిప్పితే ఎంత మంచి యాంగిలైనా వృథా.

ఫైటు మొదట్లో ఒక వైడ్ షాట్‌లో తలుపులెక్కడ, కిటికీ ఎక్కడ, ఆ ఇనుప రాడ్డు ఎక్కడ ఉందో చూపించేయండి. తర్వాత కెమెరా గీత దాటకుండా, అంటే తలపడే ఇద్దరినీ కలుపుతూ ఊహించుకున్న గీతకు ఒకే వైపున ఉంటే ఎవరు ఎటున్నారో ప్రేక్షకుడు వెతుక్కోడు.

సెకనుకు 24 ఫ్రేములకు బదులు 22తో తీస్తే కదలిక సుమారు 9 శాతం వేగంగా కనబడుతుంది. అంతకన్నా తగ్గిస్తే మనుషులు బొమ్మల్లా నడుస్తారు. షట్టర్ కోణం (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయాన్ని నిర్ణయించేది) 180 డిగ్రీల నుంచి 90కి తెస్తే ప్రతి దెబ్బా గరుగ్గా, విడివిడిగా ఉంటుంది, కానీ వెలుతురు సగానికి పడిపోతుంది. 48 ఫ్రేముల స్లోమోషన్‌కీ అంతే. ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీలు ఉన్న లొకేషన్లో ఫ్రేములు మార్చే ముందు ఒక టెస్ట్ తీయండి, మినుకుమనడం కంటికి కనబడదు, ఫుటేజీలో కనబడుతుంది.

ఆయుధాలు

పరుగులో రబ్బరు కత్తి, క్లోజప్‌కి మొద్దు అల్యూమినియం కత్తి. లోపలికి దూరే స్ప్రింగు కత్తిని ఒంటి మీద పొడవడానికి వాడొద్దు, స్ప్రింగు ఇరుక్కునేది ఆ ఒక్కసారే.

తుపాకీ విషయంలో అసలు తూటా సెట్ ఆవరణలోకే రాకూడదు. ఖాళీ తూటాయే కదా, మొన లేదు, ఉత్త మందే కదా అనుకోవడం కూడా తప్పు. 1984లో నటుడు జాన్-ఎరిక్ హెక్సమ్ ఖాళీ తూటా ఉన్న తుపాకీని సరదాగా కణతకు పెట్టుకుని పేల్చాడు, ఆ తాకిడికే పుర్రె పగిలి చనిపోయాడు. 1993లో బ్రాండన్ లీని చంపింది గొట్టంలో ఇరుక్కుపోయిన డమ్మీ తూటా (మందు లేని, చూపించడానికి మాత్రమే వాడేది) మొన. వెనక నుంచి ఖాళీ తూటా పేలేసరికి అది దూసుకొచ్చింది. 2021లో ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ రిహార్సల్లో పోయింది, తుపాకీలో ఉండకూడని అసలు తూటా ఉంది. పేలని నమూనా తుపాకీతో తీసి, మెరుపు, పొగ గ్రాఫిక్స్‌లో కలపడమే మేలు. తప్పదంటే ఆయుధాల బాధ్యుడు ఒక్కరే దాన్ని ముట్టాలి, ప్రతి టేకుకూ ముందు తెరిచి చూపించాలి. గురి మనిషికి పక్కగా ఉండాలి. తొందరలో ఉన్న డైరెక్టర్‌గా మీరే "సరే సరే, తెలుసు" అని దాటేయడమే ఇక్కడ జరిగే పెద్ద తప్పు.

ఎడిటింగ్, డబ్బింగ్

మొదటి కూర్పు అయ్యేదాకా ఎడిటింగ్ రూములోకి వెళ్లకండి. ఏ షాటుకు మీరు పధ్నాలుగు గంటలు కష్టపడ్డారో ఎడిటర్‌కి తెలియకపోవడమే మంచిది, ఆ షాటు తీసేయగలరు. ఫైటును మొదట మ్యూజిక్ లేకుండా, తర్వాత శబ్దమే లేకుండా చూడండి. ఎవరు ఎటు వెళ్లారో అర్థం కాని చోట కోత తప్పింది. దెబ్బ మెత్తగా అనిపిస్తే తాకే క్షణానికి ముందు రెండు మూడు ఫ్రేములు తీసేసి చూడండి.

సౌండులో ప్రతి గుద్దుకూ ఒకే మోత పెడితే మూడో నిమిషానికి చెవి మొద్దుబారుతుంది. గుడ్డ రాపిడి, ఊపిరి, నేల శబ్దం ముందు వినబడాలి. అన్నిటికన్నా బరువైన దెబ్బకు ముందు అర సెకను నిశ్శబ్దం వదలండి.

డబ్బింగులో డైలాగులన్నీ అయ్యాకే ఫైటు అరుపులు, మూలుగులు పెట్టుకోవాలి, అదీ చివరి రోజు, రెండు గంటలకు మించకుండా. ముందే అరిస్తే గొంతు బొంగురుపోయి, పగ పుట్టే సీనులోని ఆ నాలుగు మెత్తటి మాటలు చెప్పడానికి వారం ఆగాల్సి వస్తుంది.