ఎండలు ముదరకముందే వాటర్ బ్లాక్ సంగతి చూసుకోండి

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు వైపు మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలే. డాబా కింద గదిలో కంప్యూటర్ పెట్టుకున్నవాళ్లకు రాత్రి కూడా ఊరట ఉండదు, పగలంతా కాగిన స్లాబు తెల్లవారేదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే వైశాఖం ముహూర్తాలు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల్లో రెండర్లు (ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియోగా తయారుచేసే పని) రాత్రంతా నడుస్తాయి. ఓవర్‌క్లాక్ చేసిన, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా నడిపే ప్రాసెసర్‌కు ఏడాదిలో ఇదే గడ్డుకాలం. వాటర్ బ్లాక్ అంటే ప్రాసెసర్ మీద కూర్చుని, లోపల పారే నీళ్లతో దాని వేడిని లాగే లోహపు దిమ్మ. ఆ నీళ్లను పంపు రేడియేటర్ దాకా తిప్పుతుంది, అక్కడ వేడి గాలిలోకి పోతుంది. ఈ చుట్టునే లూపు అంటారు. కొత్త బ్లాక్ కొనాలన్నా, ఉన్నదాన్ని విప్పి కడగాలన్నా మార్చి దాటనివ్వకండి.

బ్లాకులను పోల్చే పరీక్షలు చూసేటప్పుడు, ఆ పరీక్ష జరిగిన గది ఎంత చల్లగా ఉందో ముందు చూడండి. 21 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 65 దగ్గర ఆగిందంటే, గది కంటే 44 ఎక్కువ అని అర్థం. అదే సెటప్ మన 40 డిగ్రీల గదిలో 84కు చేరుతుంది. చిప్ వేడెక్కే కొద్దీ లోపల వృథాగా పోయే కరెంటు (లీకేజీ) పెరుగుతుంది కాబట్టి ఇంకాస్త పైకే పోవచ్చు. ఏఎండీ రైజెన్ 7000 వరుసలో చాలా చిప్‌లకు హద్దు 95, ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లలో ఎక్కువవాటికి 100. అంటే చేతిలో మిగిలేది కొంచెమే. రేడియేటర్‌తో నడిచే ఏ లూపూ నీళ్లను గది కంటే చల్లగా చేయలేదు. మంచి బ్లాకుల మధ్య తేడా చాలాసార్లు రెండు మూడు డిగ్రీలే. దానికోసం రెట్టింపు ధర పెట్టే బదులు ఆ డబ్బుతో పెద్ద రేడియేటర్ కొనండి.

మరి బ్లాకును దేన్ని బట్టి ఎంచుకోవాలి? మొదటిది లోహం. రాగి బ్లాకు, అల్యూమినియం రేడియేటర్ ఒకే లూపులో కలిపారంటే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది, ఆ మడ్డి వచ్చి బ్లాకు సందుల్లో ఇరుక్కుంటుంది. సీలు వేసి వచ్చే ప్రాసెసర్ వాటర్ కూలర్లలో ఈ రెండూ కలిసే ఉన్నా, వాటిలోని ద్రవంలో తుప్పును ఆపే మందు ఉంటుంది. వాటిని విప్పి మామూలు నీళ్లు నింపొద్దు.

రాగి మీద నికెల్ పూత ఉన్నా లేకపోయినా చల్లదనంలో తేడా తెలియదు. నా ఓటు ఉత్త రాగికే. నల్లబడితే కొంచెం వెనిగర్ కలిపిన నీళ్లతో తోమి, డిస్టిల్డ్ వాటర్‌తో బాగా కడిగితే ఇంట్లో బిందెలాగే మెరుస్తుంది. నికెల్ పూత మీద ఆ పని చేయకూడదు, పూత లేచిపోతుంది. పైమూత గాజులా కనిపించే అక్రిలిక్ ప్లాస్టిక్ అయితే లోపల ఏం పేరుకుందో కనిపిస్తుంది, కానీ గొట్టం తగిలించే ఫిట్టింగ్ బలంగా బిగిస్తే పగులుతుంది. స్పిరిట్‌తో తుడిచినా సన్నని బీటలు వస్తాయి. నల్లటి ఎసిటాల్ ప్లాస్టిక్ మూత మొద్దుగా ఉన్నా గట్టిది.

ఇక నీళ్లు. అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త ఇక్కడే కావాలి. ఎండాకాలం చివర్లో ఎయిర్ కూలర్ గడ్డిని ఒకసారి చేత్తో తాకి చూడండి. బోరు నీళ్లు ఆవిరై మిగిల్చిన తెల్లటి ఉప్పు పెళుసుగా రాలుతుంది. బ్లాకు లోపల రాగి రేకల మధ్య సందు మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. అక్కడ అలాంటి పొర పడితే ఎంత ఖరీదైన బ్లాకైనా వృథాయే. మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగడానికి బాగుంటాయి, లూపులోకి పనికిరావు. వాటిలోనూ లవణాలు, క్లోరిన్ ఉంటాయి. ఆర్‌ఓ నీళ్లలోనూ ఎంతోకొంత లవణం మిగులుతుంది. కంపెనీ కలిపి అమ్మే కూలెంట్ వాడండి, లేదా డిస్టిల్డ్ వాటర్‌లో నాచును, తుప్పును ఆపే మందు కలుపుకోండి. సీలు లేని డబ్బాలో అమ్మే బ్యాటరీ నీళ్లను నమ్మొద్దు.

మన గదుల్లో లూపులోని నీళ్లే 55 డిగ్రీలకు చేరొచ్చు. పంపులు, పీఈటీజీ అనే గట్టి ప్లాస్టిక్ గొట్టాలు చాలావాటికి 60 హద్దు. వేడికి పీఈటీజీ మెత్తబడితే ఫిట్టింగ్ దగ్గర జారి కారుతుంది. మన ఎండలకు ఈపీడీఎం రబ్బరు గొట్టాలు మేలు.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి కొనేవాళ్లు, బ్లాకును బోర్డుకు బిగించే బ్రాకెట్ అక్కడే సరిచూసుకోండి. మళ్లీ వెళ్లాలంటే ఒక రోజు పోతుంది. ఇంటెల్ సాకెట్లలో ఎల్‌జీఏ 1200 రంధ్రాల దూరం 75 మిల్లీమీటర్లు, 1700కు 78. పాత బ్లాకుకు కొత్త బ్రాకెట్ లేకపోతే కూర్చోదు. ఇన్లెట్ ఏదో, అవుట్‌లెట్ ఏదో కూడా చూడండి. చాలా బ్లాకుల్లో నీళ్లు రేకల నడిమధ్య నుంచి దిగేలా చేస్తారు, తిప్పి బిగిస్తే కొన్ని డిగ్రీలు పోతాయి.

ఎండాకాలానికి బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగులు ఉండే చోటు) వేరే ప్రొఫైల్ పెట్టుకోండి. ఒకే వేగం దగ్గర వోల్టేజీ 1.25 నుంచి 1.35కు పెంచితే వేడి దాదాపు 17 శాతం పెరుగుతుంది. అంటే 100, 200 మెగాహెర్ట్జ్ వదులుకుని వోల్టేజీ దించితే, ఏ బ్లాకూ ఇవ్వనంత చల్లదనం ఉత్తపుణ్యానికి వస్తుంది. ఇంటెల్ 13, 14వ తరం చిప్ ఉన్నవాళ్లు వోల్టేజీ ముట్టుకునే ముందు బయోస్ అప్‌డేట్ చేయండి. ఆ చిప్‌లను దెబ్బతీసిన వోల్టేజీ సమస్యకు 2024లో బయోస్ అప్‌డేట్‌తో పాటే కొత్త మైక్రోకోడ్ (చిప్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) వచ్చింది.

ఎయిర్ కూలర్‌ను క్యాబినెట్‌కు ఎదురుగా పెట్టొద్దు, తుంపరతో పాటు ఉప్పు కూడా బోర్డు మీద పడుతుంది. లూపు నీళ్లు ఉండే డబ్బా, అంటే రిజర్వాయర్‌లో ఐసు ముక్కలు వేసే ప్రయోగం అసలే వద్దు. కూలర్ నడిచే గదిలో తేమ ఎక్కువ, బ్లాకు చల్లబడగానే దాని చుట్టూ చెమ్మ పట్టి సాకెట్‌లోకి దిగుతుంది.

లూపు బిగించాక మదర్‌బోర్డుకు కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే 24 గంటలు నడపండి. ప్రతి ఫిట్టింగ్ కింద టిష్యూ పేపర్ పరచండి, తడి చుక్క కనిపిస్తే అక్కడే ఆపేయండి. పంపు వేగం చెప్పే వైరును సీపీయూ ఫ్యాన్ పిన్నులకు తగిలించి, అది ఆగితే మిషన్ దానంతటదే ఆఫ్ అయ్యేలా బయోస్‌లో పెట్టండి. ఆ సదుపాయం లేని బోర్డయితే, పంపు మీద కన్ను వేసే మనిషి లేకుండా రాత్రి రెండర్ పెట్టి ఇంటికి పోవద్దు.