డ్రిల్ ప్రెస్ మీద చదరపు బెజ్జం వేయడం: ఉలి బిగింపు, ఫెన్స్ అమరిక

టేకు తలుపు రెక్కలో నిలువు చెక్కకూ అడ్డుచెక్కకూ అతుకు గట్టిగా నిలవాలంటే కుసి (అడ్డుచెక్క చివర చెక్కిన నాలుక) దిగే బెజ్జం గోడలు నిటారుగా ఉండాలి. డ్రిల్ ప్రెస్‌కు, అంటే బల్ల మీద నిలబడి ఉండే డ్రిల్ యంత్రానికి, తగిలించే మోర్టైజింగ్ అటాచ్‌మెంట్ ఆ పని చేస్తుంది. లోపల తిరిగే బిట్ చెక్కను తొలుస్తుంటే, దాని చుట్టూ కదలకుండా ఉన్న బోలు ఉలి నాలుగు మూలలనూ చెక్కుతుంది.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అటాచ్‌మెంట్ కొనడానికి వెళ్లే ముందు, మీ యంత్రంలో కిందికీ పైకీ కదిలే క్విల్ వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలిచి రాసుకోండి, ఎందుకంటే అటాచ్‌మెంట్‌ను క్విల్‌కు బిగించే కాలరు ఆ కొలతకు సరిపోకపోతే మిగతాదేదీ పనికిరాదు.

బిగించేటప్పుడు ముందుగా ప్లగ్ తీసేయండి. ఉలి భుజానికీ హోల్డరుకూ మధ్య ఒక రూపాయి నాణెం పెట్టి ఉలిని తాత్కాలికంగా బిగించి, బిట్‌ను ఉలి కొనకు తగిలేదాకా పైకి నెట్టి, బిట్‌ను పట్టుకునే చక్ బిగించి, ఆ తర్వాత నాణెం తీసి ఉలిని పూర్తిగా పైకి జరిపి గట్టిగా బిగించాలి. దీనివల్ల బిట్‌కూ ఉలికీ మధ్య సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు ఖాళీ మిగులుతుంది. ఒకసారి తొందరలో ఈ ఖాళీ వదలకుండా యంత్రం వేశాను; కీచుమని చప్పుడొచ్చి, పొగ లేచి, ఉలి కొన నీలిరంగుకు తిరిగింది. అలా కాలిన ఉక్కు మెత్తబడుతుంది, దానికి మళ్లీ పదును నిలవదు.

ఇక ఫెన్స్, అంటే చెక్కను ఆనించే నిటారు పట్టీ. నా దృష్టిలో అసలు పనితనమంతా ఇక్కడే ఉంది. మూలమట్టాన్ని ఫెన్స్‌కు ఆనించి, ఉలి పక్క ముఖానికి వెలుతురు దూరకుండా అతుక్కుందో లేదో చూడండి. ఉలి కాస్త మెలి తిరిగి ఉన్నా బెజ్జం గోడ రంపపు పళ్లలా మెట్లు మెట్లుగా వస్తుంది, కనుక ముందు ముక్కచెక్క మీద రెండు మూడు పోట్లు వేసి గోడను గోటితో తడిమి చూసుకోవాలి. ప్రతి చెక్కకూ ఒకే ముఖాన్ని, అంటే పెన్సిల్‌తో గుర్తు పెట్టిన ముఖాన్నే, ఫెన్స్‌కు ఆనించండి. అప్పుడు బెజ్జం నడిమికి అర మిల్లీమీటరు తప్పినా అన్నిటికీ ఒకేలా తప్పుతుంది కాబట్టి రెక్క ముఖం సమంగానే కూర్చుంటుంది. ఉలి పైకి వచ్చేటప్పుడు చెక్కను లాక్కుని లేపుతుంది, అందుచేత పైన నొక్కిపట్టే కడ్డీని ఎప్పుడూ వదులుగా ఉంచకూడదు.

36 మి.మీ. మందం చెక్కకు మూడో వంతు, అంటే 12 మి.మీ. ఉలి సరిపోతుంది. వేగం నిమిషానికి సుమారు 1000 చుట్లు చాలు. పొట్టు బయటికి వచ్చే కంతను బెజ్జం పొడవు దిక్కుకే తిప్పి ఉంచండి. లోతు స్టాప్‌ను కుసి పొడవు కంటే రెండు మిల్లీమీటర్లు ఎక్కువ పెట్టండి.

మొదట రెండు చివరలూ వేసి, తర్వాత మధ్యలో ఉలి వెడల్పు కంటే కొంచెం తక్కువ ఎడం వదులుతూ పోట్లు వేసి, ఆ మిగిలిన దిమ్మలను చివరగా తీయాలి. వరుసగా అంటించి వేసుకుంటూ పోతే ఉలి ఖాళీ ఉన్న వైపుకు వంగి గోడ ఏటవాలుగా తెగుతుంది. టేకులో ఒకే దమ్మున దించకుండా, మధ్యలో రెండు మూడుసార్లు పైకెత్తి పొట్టు రాలనిచ్చి మళ్లీ దించండి.