పచ్చ జెండా రెండోసారి నొక్కి చూశారా? సైన్స్ డేకి ముందు స్క్రాచ్ జాగ్రత్తలు

ఫిబ్రవరి 28న సైన్స్ డేకి పిల్లల చేత స్క్రాచ్‌లో (బ్లాకులు పేర్చి ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్) గేమో క్విజ్జో చేయించి పెడుతున్న టీచర్ల కోసం ఈ నాలుగు మాటలు. ఇంట్లో చక్కగా ఆడిన గేము జడ్జి ముందు మొరాయించిందంటే ముందుగా అనుమానించాల్సింది ఒక్కటే: ఆట మొదలుపెట్టే పచ్చ జెండా నొక్కగానే అన్నీ మొదటికొస్తాయని పిల్లలు నమ్మడం.

రావు. జెండా నొక్కితే పాత క్లోన్లు (ఆటలో పుట్టిన బొమ్మ నకళ్లు) పోతాయి, రంగు మార్పు లాంటి గ్రాఫిక్ ఎఫెక్టులు పోతాయి. స్కోరు, ప్రాణాలు, లిస్టులో చేరినవి, బొమ్మ నిలబడ్డ చోటు, సైజు, కాస్ట్యూమ్ (బొమ్మ రూపం), కనిపిస్తోందా దాక్కుందా అన్నది, ఇవన్నీ కిందటి ఆట ఎక్కడ ఆగితే అక్కడే ఉంటాయి. ఒకడు ఓడిపోయి 'గేమ్ ఓవర్' బోర్డు వచ్చిందనుకోండి. తర్వాతివాడు జెండా నొక్కినా ఆ బోర్డు కదలదు. ప్రాణాలు సున్నాలోనే ఉంటాయి కాబట్టి ఆట మొదలవుతూనే ముగుస్తుంది.

అందుకే స్కోరు, ప్రాణాలు లాంటివి ఒక్కచోటే, స్టేజీ (ఆట వెనక తెర) స్క్రిప్టులో, అంటే దాని బ్లాకుల వరసలో, సెట్ చేయించండి. ఆ వెంటనే స్టేజీ నుంచే 'మొదలు' అని ఒక బ్రాడ్‌కాస్ట్ (అన్ని బొమ్మలకీ అందే మెసేజీ) పంపించండి. మిగతా స్ప్రైట్లన్నీ, అంటే బొమ్మలన్నీ, జెండాకి కాకుండా ఆ మెసేజీకి కదలాలి. అది అందగానే ప్రతిదీ తన 'గో టు', 'సెట్ సైజ్', 'స్విచ్ కాస్ట్యూమ్', 'షో' లేదా 'హైడ్' ముగించుకుని అప్పుడు ఆటలోకి దిగాలి. తలా ఒక జెండా పెట్టుకుంటే ఏ స్క్రిప్టు ముందు నడుస్తుందో చూసుకోవడం పెద్ద తలనొప్పి. ఇదంతా అయ్యాక ఆట మధ్యలో ఒకసారి, ఓడాక ఒకసారి, గెలిచాక ఒకసారి ఆపి మళ్లీ జెండా నొక్కి చూడండి.

ఇక క్లోన్లు. తూటా స్ప్రైట్‌లో 'స్పేస్ కీ నొక్కితే నా క్లోన్ చెయ్యి' అని రాస్తే ఆ కీ క్లోన్లకీ వినిపిస్తుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. తొమ్మిదో నొక్కుకి 300 క్లోన్ల పరిమితి తగులుతుంది. ఆపైన కొత్త క్లోన్ పుట్టదు, ఎర్రర్ మెసేజీ కూడా రాదు. తూటా రావడం లేదేంటని పిల్లలు కీబోర్డుని కొడుతూ ఉంటారు. క్లోన్ చేసే బ్లాకుని స్టేజీకో ఇంకో స్ప్రైట్‌కో మార్చేస్తే సరి. తూటాని చెరిపెయ్యడానికి 'వై (ఎత్తు) 200 దాటితే' లాంటి షరతు పెట్టొద్దు. స్టేజీ పైఅంచు 180 దగ్గర ఉంటుంది, బొమ్మని పూర్తిగా బయటికి పోనివ్వదు. 'టచింగ్ ఎడ్జ్' వాడండి.

'టైమర్ = 60' అని ఎక్కడైనా ఉంటే '>' (కంటే ఎక్కువ) గుర్తుగా మార్చండి. టైమర్ దశాంశాల్లో నడుస్తుంది, సరిగ్గా 60 దగ్గర దొరకదు. 'ఫరెవర్'లో (ఆగకుండా తిప్పే బ్లాకు) 'స్టార్ట్ సౌండ్' పెడితే పాట మాటిమాటికీ మొదటి నుంచి ఎత్తుకుని గరగరలాడుతుంది. అక్కడ 'ప్లే సౌండ్ అంటిల్ డన్' ఉండాలి. రొటేషన్ స్టైల్ (బొమ్మ తిరిగే తీరు) 'లెఫ్ట్-రైట్' చెయ్యకపోతే గోడకి తగిలిన పిల్లి తలకిందులుగా వెనక్కి నడుస్తుంది. జడ్జి నవ్వుతారు గానీ మార్కులు వెయ్యరు.

హాల్లో నెట్ ఉండదనే అనుకోండి. కంప్యూటర్లో స్క్రాచ్ యాప్ ఉన్నా 'టెక్స్ట్ టు స్పీచ్', 'ట్రాన్స్‌లేట్' బ్లాకులు నెట్ లేకుండా పనిచెయ్యవు. క్విజ్ ప్రశ్నల్ని పిల్లల గొంతుతోనే రికార్డు చేసి సౌండ్లుగా పెట్టడం మేలు, వినడానికీ బాగుంటుంది. విలువని నెట్‌లో దాచే క్లౌడ్ వేరియబుల్‌తో హైస్కోరు ఆలోచన ఆ రోజుకి మానుకోండి. ఫైలుని పెన్‌డ్రైవ్‌లో వేసుకునే ముందు ల్యాబ్ కంప్యూటర్లో ఏ వెర్షన్ ఉందో చూడండి. స్క్రాచ్ 2 అయితే మీ ఎస్‌బీ3 ఫైలు (స్క్రాచ్ 3లో సేవ్ చేసింది) తెరుచుకోదు.

ప్రదర్శనలో గేముని ఫుల్ స్క్రీన్‌లోనే ఉంచండి. ఎడిటర్ తెరిచి ఉంటే చూడ్డానికొచ్చిన పిల్లలు మౌస్‌తో బొమ్మల్ని ఎక్కడికంటే అక్కడికి లాగేస్తారు.