క్రోన్స్ వ్యాధితో రోజులు నెట్టుకురావడం ఎలా?

పెళ్లికి వెళ్తే అందరూ ముందు భోజనాలు ఎటా అని చూస్తారు. క్రోన్స్ ఉన్నవాళ్లం బాత్రూమ్ ఎటా అని చూస్తాం. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా వాపు, పుండ్లు తెచ్చే జబ్బు ఇది. చిన్నపేగు చివరి భాగంలో ఎక్కువగా వస్తుంది. మన దగ్గర ఇంకో చిక్కుంది. పేగు టీబీ కూడా అచ్చం ఇలాగే, తరచుగా అక్కడే వస్తుంది కాబట్టి చాలామందికి ముందు కొన్ని నెలలు టీబీ మందులు వాడించి చూస్తారు. నాకూ అంతే జరిగింది. ఆ నెలలన్నీ దండగైపోయాయని చాలాకాలం కోపంగా ఉండేది. తర్వాత క్రోన్స్‌కి ఇచ్చే మందులు ఒంట్లో రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయనీ, లోపల టీబీ ఉంటే అది విజృంభిస్తుందనీ తెలిశాక కోపం తగ్గింది.

ఈ జబ్బును శాశ్వతంగా పోగొట్టే మందు ఇంకా రాలేదు. నెలల తరబడి సద్దుమణిగి ఉంటుంది, ఉన్నట్టుండి తిరగబెడుతుంది. అందుకే కింద చెప్పిన పనుల్లో చాలావరకు ఒంట్లో బాగున్న రోజుల్లో చేసుకోవాల్సినవే.

1. తగ్గింది కదా అని మందు మానకండి

అందరం చేసే తప్పు ఇదే. రోగనిరోధక శక్తిని తగ్గించి జబ్బుని అదుపులో ఉంచే అజాథయోప్రిన్ లాంటి మందు పనిచేయడం మొదలవడానికే రెండు మూడు నెలలు పడుతుంది. మానేసిన మర్నాడే ఏమీ కాదు, అక్కడే మోసపోతాం. ఆ మందు వాడేవాళ్లు డాక్టర్ చెప్పిన తేదీకి రక్తపరీక్ష తప్పించకూడదు. మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంటే షాంపూ మార్చకండి, వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి. మనవాళ్లలో కొందరి ఒంటితీరుకి ఆ మందు పడదు, తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. స్టెరాయిడ్ అయితే సొంతంగా ఆపేయకూడదు, మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

మోకాలి నొప్పికో తలనొప్పికో మెడికల్ షాపులో "నొప్పి బిళ్ల ఇవ్వండి" అంటే డైక్లోఫినాకో, ఐబుప్రోఫెనో చేతిలో పెడతారు. అవి పేగుని మళ్లీ రేపొచ్చు. పారాసెటమాల్ అని పేరు పెట్టి అడగండి. సిగరెట్ అలవాటుంటే, మందులతో పాటు చేయాల్సిన పెద్ద పని అది మానడమే.

2. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి

నాది పది రూపాయల నోట్‌బుక్. అందులో ఒక రోజు ఇలా ఉంది: "మంగళవారం. మోషన్స్ 5, రాత్రి ఒకసారి లేచాను. రక్తం లేదు. నొప్పి కుడివైపు కింద. బరువు 52. మధ్యాహ్నం సొరకాయ పప్పు, సాయంత్రం రెండు కాఫీలు." అంతకంటే అక్కర్లేదు. డాక్టర్ గది ముందు మూడు గంటలు కూర్చుని లోపలికెళ్తే మనకి దొరికేది ఐదు నిమిషాలు. "ఈమధ్య బాగోట్లేదండీ" అనేకంటే ఈ పేజీ చూపిస్తే పని జరుగుతుంది. రాత్రి నిద్రలోంచి లేవాల్సి వస్తోందా, బరువు తగ్గుతోందా అన్నవి వాళ్లకి ముఖ్యం.

ఇంకో లాభం కూడా ఉంది. నేను రెండేళ్లు పెరుగుని అనుమానించి మానేశాను. రాసుకుంటూ పోతే తేలిందేమిటంటే, దొంగ పెరుగు కాదు, కాఫీ.

3. తిండిని జబ్బు తీరుని బట్టి మార్చండి

అందరికీ పడే ఒకే పథ్యం లేదు. తిరగబెట్టినప్పుడు మాత్రం మెత్తగా ఉడికిన అన్నం, పెసరకట్టు, ఇడ్లీ, గుడ్డు, అరటిపండు, చెక్కు తీసి గింజ లేకుండా వండిన బీరకాయ నాకు దిక్కు. ఒకేసారి కడుపునిండా తినకుండా కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు తింటాను.

పేగు లోపలి దారి సన్నబడిందని స్కానింగ్‌లో వస్తే లెక్క వేరు. అప్పుడు పీచు నిజంగానే అడ్డం పడొచ్చు. ములక్కాడ, గోరుచిక్కుడు, తోటకూర కాడలు, మొక్కజొన్న పొత్తు, జామ గింజలు, కమలా తొనల మీది పొర అలాంటివే. ఏవి మానాలో మీ డాక్టర్‌ని అడగండి. సన్నబడని వాళ్లు భయపడి కూరగాయలన్నీ ఏళ్ల తరబడి మానక్కర్లేదు.

ఆవకాయ సంగతి అందరూ అడుగుతారు. కారం వల్ల ఈ జబ్బు రాదు. జబ్బు రేగినప్పుడు మాత్రం మంట పుట్టిస్తుంది, అప్పుడు జాడీ వైపు చూడకండి. లంఖణం చేస్తే పేగులు శుభ్రపడతాయని చెప్పే పిన్నిగారికి నవ్వుతూ నమస్కారం పెట్టండి. అసలే బరువు తగ్గే జబ్బు ఇది.

బి12 ఒంటికి పట్టేది చిన్నపేగు చివర్లోనే. అక్కడ పాడైనా, ఆపరేషన్‌లో తీసేసినా ఇంజెక్షన్ కావాల్సి రావచ్చు. ఐరన్, విటమిన్ డి కూడా చూపించుకోండి. ఎప్పుడూ నీరసంగా ఉండటం బద్ధకం కాదు, చాలాసార్లు రక్తం తక్కువవడమే.

మోషన్స్ ఎక్కువైనప్పుడు లీటరు ప్యాకెట్ ఓఆర్ఎస్‌ని సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపండి. రంగురంగుల డబ్బాల్లోని తియ్యటి పానీయాలు దానికి బదులు కావు.

4. బయల్దేరే ముందు

వీలైనంత వరకు రైలే ఎక్కండి. బస్సు తప్పకపోతే ఎక్కగానే డ్రైవర్ దగ్గరికెళ్లి "అన్నా, నాకు పేగు జబ్బు, మధ్యలో ఆపమంటే ఆపాలి" అని చెప్పేయండి. ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు. దారిలో అరిచి చెప్పడమే కష్టం. నా బ్యాగులో ఎప్పుడూ ఉండేవి: లీటరు నీళ్ల బాటిల్, ఎందుకంటే కుళాయి ఉన్నచోట నీళ్లుంటాయన్న నమ్మకం లేదు. సబ్బు, ఒక ప్యాంటు, లోదుస్తులు, నల్ల కవరు, రెండు రోజులకి సరిపడా అదనపు మందులు.

అడాలిముమాబ్ లాంటి ఇంజెక్షన్ వాడేవాళ్లు దాన్ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. ఆ ఇంజెక్షన్ పెన్నుని టవల్‌లో చుట్టి, ఐస్‌ప్యాక్‌కి ఆనకుండా పెట్టండి. మే నెల ఎండలో కారులో వదిలేసి టిఫిన్‌కి దిగకండి.

5. ఎవరికి ఎంత చెప్పాలి

ఆఫీసులో మేనేజర్‌కి ఒక్క ముక్క చాలు: "దీర్ఘకాలపు పేగు జబ్బు, అంటుకోదు, మీటింగ్ మధ్యలో లేవాల్సి రావచ్చు." పెళ్లి సంబంధం దగ్గర మాత్రం దాచకండి. పెళ్లయ్యాక మందుల డబ్బా ఎలాగూ బయటపడుతుంది. ఈ జబ్బున్నా పిల్లల్ని కనొచ్చు, జబ్బు సద్దుమణిగి ఉన్నప్పుడు అనుకుంటే మంచిది. ఈ జబ్బుకి మెథోట్రెక్సేట్ అనే మందు వాడుతుంటే డాక్టర్‌కి చాలా ముందే చెప్పాలి, దాంతో గర్భం రాకూడదు.

6. తెల్లారేదాకా ఆగకూడనివి

కడుపు ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ గానీ విరేచనం గానీ పోకపోవడం. చలిజ్వరంతో కడుపునొప్పి. ఎక్కువగా రక్తం పడటం. మలద్వారం పక్కన గడ్డ, చీము. వీటిలో ఏదొచ్చినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి. స్టెరాయిడ్ వాడుతుంటే జ్వరం పైకి తెలియకపోవచ్చు. అక్కడ ఉండే డ్యూటీ డాక్టర్‌కి మన కథ తెలియదు, గ్యాస్ ఇంజెక్షన్ చేసి పంపేసే ప్రమాదముంది. అందుకే జబ్బు పేరు, వాడే మందులు, అయిన ఆపరేషన్లు, మన గ్యాస్ట్రో డాక్టర్ నంబరు ఒక కాగితం మీద రాసి ఫొటో తీసి, మీ ఫోన్‌లోనూ ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోనూ పెట్టండి. మాది మా అమ్మ ఫోన్‌లో వాల్‌పేపర్‌గా ఉంది. ఎవరైనా అడిగితే "మావాడి జాతకం" అంటుంది.